కీబోర్డు వాయించేవాళ్లకు పన్నెండు తలకిందుల సలహాలు

కీబోర్డు కొంటున్నామని చెప్పగానే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. టోన్లు ఎక్కువున్నది చూడు, కొత్త మోడల్ తీసుకో, లేయర్ వేస్తే సౌండ్ నిండుగా వస్తుంది, రివర్బ్ కాస్త పెంచు. కొట్టువాళ్లు చెప్పేదీ ఇదే, ఆర్కెస్ట్రాల్లో సీనియర్లు చెప్పేదీ ఇదే. కింద రాసినవి వీటికి ఎదురు సలహాలు. మొదటిసారి చదివితే తప్పుగానే తోస్తాయి. ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంది. ఆ కారణం చదివి, మీ వాద్యం ముందు కూర్చుని చేసి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

ఒక వివరం ముందే చెప్పుకోవాలి. వర్క్‌స్టేషన్ అంటే మూడు పనులు ఒకే పెట్టెలో జరిగే వాద్యం: టోన్లను తయారుచేసే సింథసైజర్, వాయించినదాన్ని ట్రాకులుగా దాచుకునే సీక్వెన్సర్, రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్టులు. మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో తరచుగా కనిపించే స్టైల్స్ ఉన్న కీబోర్డులు అరేంజర్లు. వాటి పని వేరు. అయినా టోన్‌ను ఎడిట్ చేసుకునే వీలున్న ఏ కీబోర్డుకైనా ఈ సలహాలు చాలావరకు వర్తిస్తాయి.

1. టోన్ల లెక్క చూసి కొనకండి

1988లో కోర్గ్ కంపెనీ ఎమ్1 తెచ్చింది. వర్క్‌స్టేషన్ అంటే ఎలా ఉండాలో ఆ తర్వాత వచ్చినవాటికి చూపించిన వాద్యం అది. అందులో శబ్దాల నమూనాలు దాచిన మెమరీ మొత్తం 4 మెగాబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో అంత. ఒకేసారి మోగగలిగినవి 16 స్వరాలు. టోన్లు 100, వాటిని కలిపి చేసిన కాంబినేషన్లు 100. ఫిల్టర్‌కు రెజొనెన్స్ కూడా లేదు. అంత చిన్న సరంజామాతో అది చేసిన పని చూడండి: అందులోని 'ఆర్గన్ 2' అనే ఒక్క టోన్ మీద 1990ల హౌస్ డాన్స్ సంగీతం ఎంతో నడిచింది. రాబిన్ ఎస్ పాడిన 'షో మీ లవ్' రీమిక్స్‌లో వినిపించే ఆర్గన్ బేస్ అదే.

అందుకని కొట్లో టోన్లు లెక్కపెట్టడం మానేసి పియానో టోన్ తీయండి. ఒకే మెట్టును అతి మెల్లగా మొదలుపెట్టి, కొంచెం కొంచెం గట్టిగా, పదిసార్లు నొక్కండి. పెరుగుతున్నది శబ్దమేనా, దాని రంగు కూడా మారుతోందా? మెల్లగా నొక్కినప్పుడు మెత్తగా, గట్టిగా నొక్కినప్పుడు పదునుగా రాకపోతే ఆ కీబోర్డులో ఎన్ని వేల టోన్లున్నా మీ చేతికి అది బదులివ్వదు. తర్వాత స్ట్రింగ్స్ తీసి, మెట్టు నొక్కి ఉంచి, ఇంకొంచెం ఒత్తండి. ఆఫ్టర్‌టచ్ ఉంటే శబ్దం మారుతుంది. పిచ్ బెండ్ వదిలేసినప్పుడు సరిగ్గా మధ్యకు వస్తోందో లేదో చూడండి. ఈ మూడు పరీక్షలకూ ఐదు నిమిషాలు చాలు.

2. ఎఫెక్టులన్నీ ఆపేసి వినండి

1987లో వచ్చిన రోలాండ్ డి-50లో రివర్బ్, కోరస్ లోపలే ఉండేవి. అప్పటిదాకా రివర్బ్ కోసం ఎక్కువగా విడి పెట్టె కొనుక్కోవలసి వచ్చేది. మొదటి మెట్టు నొక్కగానే అందరూ తల తిప్పి చూడటానికి అదొక కారణం. అప్పటినుంచీ ప్రతి కంపెనీ తన ఫ్యాక్టరీ టోన్లను ఎఫెక్టుల్లో ముంచి పంపుతోంది. కొట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే అవి గొప్పగానే ఉంటాయి.

రివర్బ్ చాలా లోపాలను కప్పేస్తుంది. నమూనా ఎక్కడ తిరగబడి మళ్లీ మొదలవుతోందో, చెయ్యి తీయగానే శబ్దం ఎంత మొరటుగా తెగుతోందో, ఒక మెట్టునుంచి పక్క మెట్టుకు రంగు ఎలా హఠాత్తుగా మారుతోందో వినపడనివ్వదు. ఎఫెక్ట్స్ ఆఫ్ చేయండి. పొడిగా విన్నప్పుడు నచ్చిన టోనే నిజంగా మంచి టోన్.

కార్యక్రమంలోనూ ఇదే పద్ధతి. సిమెంటు గోడలు, టైల్స్ నేల ఉన్న ఫంక్షన్ హాలుకు తన ప్రతిధ్వని తనకే ఉంటుంది. దానికి మీ రివర్బ్ కూడా తోడైతే మాటా స్వరమూ ముద్దయిపోతాయి. సౌండ్ చెక్‌లో రివర్బ్ సున్నా దగ్గర పెట్టి, హాలు మధ్యలో నిలబడి వినమని ఒకరికి చెప్పి, ఆ తర్వాతే కొద్దిగా పెంచండి. సోలోకు నిండుతనం కావాలంటే డిలే వాడండి. దాని కాలాన్ని పాట నడకకు కట్టండి: 60,000ను టెంపోతో భాగిస్తే ఒక బీటుకు ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. టెంపో 120 అయితే 500.

3. మంచి టోన్లు పక్కన పెట్టి ఖాళీ టోన్‌తో మొదలుపెట్టండి

దాదాపు ప్రతి వర్క్‌స్టేషన్‌లోనూ 'ఇనిట్' అనే టోన్ ఉంటుంది. ఏ సొగసూ లేని ముడి శబ్దం. మొదటి నెల దానితోనే గడపండి. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఫరవాలేదు. ఆ నెల తర్వాత ఏ ఫ్యాక్టరీ టోన్ విన్నా అది ఎలా తయారైందో మీ చెవి చెప్పగలుగుతుంది.

1954లో 'నాగిన్' సినిమాకు హేమంత్ కుమార్ సంగీతం చేశారు. అందులో వినిపించే నాగస్వరం నాదం పాములవాడి బూరది కాదు. కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్‌ది. అది మూడు ఆక్టేవుల చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో చేశాడు. దేశమంతా పాము పాట అంటే అదే నాదం అనుకునేలా చేసింది ఆ ముడి శబ్దమూ, వాయించిన చెయ్యీ.

అలాంటి పలుకునే మీరూ తయారుచేయండి. వరుస ఇది:

ఆసిలేటర్‌లో సా-టూత్ తరంగం ఎంచుకోండి. అందులో అనుస్వరాలు (హార్మోనిక్స్) అన్నీ ఉంటాయి. స్క్వేర్ తరంగంలో బేసి సంఖ్యవి మాత్రమే ఉంటాయి, అందుకే అది క్లారినెట్‌లా బోలుగా వినిపిస్తుంది. రెండూ విని తేడా పట్టుకోండి.

లో-పాస్ ఫిల్టర్ పెట్టి కటాఫ్‌ను సగానికి దించండి. రెజొనెన్స్ కొద్దిగా పెంచితే ముక్కుతో పలికినట్టు వస్తుంది. సన్నాయికి కావలసింది ఆ ముక్కు గుణమే.

ఆంప్ ఎన్వలప్‌లో అటాక్ 30 నుంచి 50 మిల్లీసెకండ్లు, సస్టైన్ దాదాపు పూర్తిగా, రిలీజ్ 100 లోపు ఉంచండి. ఊదే వాద్యం మెట్టు నొక్కిన క్షణంలోనే పూర్తిగా పలకదు, ఊపిరి ఆగగానే ఆగిపోతుంది.

పిచ్ ఎన్వలప్‌ను అసలు స్వరానికి 30 సెంట్లు (మెట్టులో నూరో వంతు ఒక సెంటు) కిందనుంచి మొదలై రెప్పపాటులో పైకి చేరేలా పెట్టండి. ఈ చిన్న జారుడుతోనే శబ్దానికి ప్రాణం వస్తుంది.

మోనో, లెగాటో ఆన్ చేసి పోర్టమెంటో 40 మిల్లీసెకండ్ల దగ్గర ఉంచండి. చివరగా వెలాసిటీని కటాఫ్‌కు కలపండి. గట్టిగా నొక్కితే పదును పెరగాలి.

ఇవి మొదలుపెట్టడానికి అంకెలు. ఒక్కొక్కటీ మార్చుతూ వినండి. ఒకేసారి రెండు నాబులు తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు.

4. టోన్ పేరు చదవకండి

1991లో జనరల్ మిడి పట్టిక వచ్చింది. ఏ కంపెనీ కీబోర్డులోనైనా ఒకే నంబరుకు ఒకే రకం వాద్యం పలకాలని 128 టోన్లకు వరస కట్టారు. అందులో 105 సితార్, 112 శానాయి. వీణ లేదు. నాదస్వరం లేదు. మృదంగం లేదు, డప్పు లేదు. ఆ పట్టికనే నమ్ముకుంటే మన సంగీతానికి దొరికేది అంతే.

పేరు వదిలేసి శబ్దం పుట్టే తీరు చూడండి. నాదస్వరం రెండు పొరల రీడుతో, కింద వెడల్పయ్యే గొట్టంతో పలుకుతుంది. ఒబో పలికేదీ అలాగే. అందుకే కొన్ని కీబోర్డుల్లో 'శానాయి' అని రాసినదానికన్నా 69వ నంబరు ఒబో, 70వ నంబరు ఇంగ్లిష్ హార్న్ మన నాదానికి దగ్గరగా వస్తాయి. అటాక్ కొంచెం కఠినం చేసి, కటాఫ్ పెంచి వినండి. వీణకు సితార్ టోన్ వాడితే ఆ ఝంకారం ఎక్కువై ఉత్తరాది వాసన వస్తుంది. దానికి బదులు జాజ్ గిటార్ టోన్ తీసుకుని, డికే పొడిగించి, ఒక ఆక్టేవ్ కింద వాయించండి. వీణలో స్వరం మీటిన తర్వాత చాలాసేపు సాగుతుంది. ఆ సాగుడు ఉంటేనే గమకానికి చోటు ఉంటుంది.

5. లేయర్లు విప్పేయండి

పియానో మీద స్ట్రింగ్స్, దాని మీద ప్యాడ్, పైన బెల్స్. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే ఇది సముద్రమంత ఉంటుంది. బ్యాండులో కూర్చున్నాక పాడేవాళ్ల గొంతూ, గిటారూ, మీ నాలుగు పొరలూ ఒకే మధ్య స్థాయిలో తోసుకుంటాయి. సౌండ్ ఇంజినీర్ మొదట తగ్గించేది మిమ్మల్నే.

లెక్క కూడా చూడండి. నాలుగు పొరల టోన్‌తో ఐదు వేళ్ల కార్డు నొక్కితే 20 స్వరాలు ఖర్చవుతాయి. పొర స్టీరియో అయితే చాలా వాద్యాల్లో దానికి రెట్టింపు. సస్టైన్ పెడల్ తొక్కి నాలుగు కార్డులు మార్చితే 160. 128 స్వరాల కీబోర్డు కూడా అక్కడ పాతవాటిని మధ్యలో కోసేస్తుంది. కార్డు మారినప్పుడు వెనక ఏదో తెగినట్టు వినిపించేది దానివల్లే.

పొర వేయాలనుకుంటే రెండే వేయండి. రెంటికీ పని పంచండి. డి-50 తయారుచేసినవాళ్లు చేసిందీ అదే. మెమరీ ఖరీదైన రోజుల్లో వాద్యం మొత్తాన్ని రికార్డు చేసి దాచే వీల్లేదు. మనిషి చెవి వాద్యాన్ని గుర్తుపట్టేది ఎక్కువగా మొదటి క్షణంలోనే. కాబట్టి ఆ మొదటి చప్పుడును మాత్రం నిజమైన నమూనాతో ఇచ్చి, తర్వాతి సాగుడును సింథసైజర్‌తో కలిపారు. ఇవాళ్టికీ ఇంతకన్నా మంచి సూత్రం లేదు. ఒక పొర తాకిడి ఇవ్వాలి, రెండోది ఒంటినివ్వాలి. మొదటిదానికి సస్టైన్ తీసేయండి. రెండోదానికి అటాక్ మెత్తబరచండి. అప్పుడు రెండూ కలిసి ఒకే వాద్యంగా వినిపిస్తాయి.

6. తక్కువ మెట్లు నొక్కండి

కార్డు అంటే రెండు చేతులా నిండుగా నొక్కాలని అలవాటు. బేస్ గిటార్ ఉన్న చోట మీ ఎడమచేతి కింది స్వరాలు వాళ్ల స్వరాలతో కలిసి ముద్దయిపోతాయి తప్ప బలం ఇవ్వవు. మధ్య షడ్జానికి కింద ఒక ఆక్టేవ్ దాటి దిగకండి. కుడిచేత్తో మూడు స్వరాలు చాలు. ప్యాడ్ అయితే రెండు చాలు. స్వరాలు తగ్గిన కొద్దీ ఒక్కో స్వరపు రంగు బయటికి వస్తుంది. మీరు కష్టపడి చేసిన ఫిల్టర్ కదలిక అప్పుడే జనానికి వినిపిస్తుంది.

7. సోలోలో ఎడమచేతిని మెట్ల మీంచి తీసేయండి

మన రాగానికి కీబోర్డు పనికిరాదన్న మాట కొత్తది కాదు. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరం దానిమీద పలకదన్నది ప్రధానమైన అభ్యంతరాల్లో ఒకటి. హార్మోనియం విషయంలో అది నిజమే. కీబోర్డుకు మాత్రం పిచ్ బెండ్ ఉంది. మిడిలో మామూలు కంట్రోలర్‌కు 128 స్థాయులుంటే పిచ్ బెండ్‌కు 16,384 ఉన్నాయి. అంత సన్నని కదలికను చేతికిచ్చి, దాన్ని పాట చివర జారుడుకు మాత్రమే వాడటం ఆ వాద్యానికి అన్యాయం.

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పడమటి వాద్యమైన మాండలిన్‌ను ఎలక్ట్రిక్‌గా మార్చుకుని కర్ణాటక కచేరీ చేశారు. తీగను లాగి, జార్చి గమకం పలికించారు. కీబోర్డు మీద ఆ తీగ పని మీ ఎడమచేతిది. కుడిచెయ్యి స్వరం ఎంచుకుంటుంది, ఎడమచెయ్యి దాన్ని పలికిస్తుంది.

సాధన ఇలా చేయండి. బెండ్ రేంజ్ రెండు మెట్ల దగ్గర ఉంచండి. 12 పెట్టుకుంటే ఆడంబరంగా ఉంటుంది కానీ చిన్న కదలికకు అదుపు ఉండదు. రిషభం నొక్కి వీల్‌ను తోసి గాంధారం చేరండి. తర్వాత నిజంగా గాంధారం నొక్కి రెండూ ఒకటేనా అని వినండి. కళ్లు మూసుకుని చేయండి. ఇది కుదిరాక తోడి గాంధారం పట్టుకోండి. తోడిలో ఆ గాంధారం నిలకడగా ఉండదు, ఊగుతుంది. మెట్టు నొక్కి కదలకుండా నిలబెడితే స్వరస్థానం సరైనదే కావచ్చు, రాగం మాత్రం రాదు.

మాడ్యులేషన్ వీల్‌తో వచ్చే వైబ్రాటోను ఇక్కడ వాడకండి. దాన్ని నడిపే ఎల్‌ఎఫ్‌వో ఒకే వేగంతో, ఒకే వెడల్పుతో ఊగుతుంది. మన కంపితం వేగం స్వరం మొదట ఒకలా, చివర ఇంకొకలా ఉంటుంది. అది చేతితోనే సాధ్యం.

8. శృతి తప్పించండి

కంపెనీనుంచి వచ్చిన కీబోర్డులో ఆక్టేవ్‌ను 12 సమభాగాలు చేస్తారు. ఒక్కో భాగం 100 సెంట్లు. ఏ శృతిలోనైనా కార్డులు వాయించడానికి అది సదుపాయం. తంబురా పక్కన పెట్టి ఒంటి స్వరాలు వాయిస్తే మాత్రం కొన్ని స్వరాలు కలవవు. చాలా వర్క్‌స్టేషన్లలో స్కేల్ ట్యూనింగ్ ఉంటుంది. దాన్ని తెరిచి ఫ్యాక్టరీ శృతిని మార్చండి.

మాయామాళవగౌళతో మొదలుపెట్టండి. అంతర గాంధారం షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉండాలంటే 386 సెంట్లు కావాలి, కీబోర్డులో 400 ఉంది. అంటే 14 తగ్గించాలి. 16:15 నిష్పత్తి శుద్ధ రిషభానికి 12 పెంచాలి. శుద్ధ మధ్యమానికి 2 తగ్గించి, పంచమానికి 2 పెంచాలి. శుద్ధ ధైవతానికి 14 పెంచి, కాకలి నిషాదానికి 12 తగ్గించాలి. తంబురా మోగిస్తూ షడ్జం, గాంధారం కలిపి నొక్కి వినండి. ఇందాక రెండు స్వరాల మధ్య కొట్టుకున్న అలలు ఇప్పుడు ఆగిపోతాయి.

ఇవి గణితం ఇచ్చిన స్థానాలు. రాగాన్ని బట్టి, పాడేవారి బాణీని బట్టి చెవితో సర్దుకోండి. రెండు జాగ్రత్తలు అవసరం. స్కేల్ ట్యూనింగ్‌కు ఆధార స్వరంగా మీ షడ్జాన్నే పెట్టాలి, శృతి మారితే దాన్నీ మార్చాలి. గిటారు కార్డులున్న సినిమా పాటకు వెళ్లేముందు మామూలు శృతికి తిరిగి రావాలి. రెంటికీ రెండు టోన్లు విడిగా దాచుకుంటే గందరగోళం ఉండదు.

9. స్టీరియో వదిలేయండి

రెండు కేబుళ్లు వేసి లెఫ్ట్, రైట్ ఇస్తే సౌండ్ విశాలంగా ఉంటుందని అందరూ చెబుతారు. చాలా ఫంక్షన్ హాళ్లలో, ఉత్సవాల వేదికల్లో, చర్చిల్లో రెండు వైపుల సౌండ్ బాక్సులకూ వెళ్లేది ఒకే సిగ్నల్. మిక్సర్‌లో మీ రెండు వైపులూ కలిసిపోతాయి. స్టీరియో పియానోను రెండు మైకులతో రికార్డు చేస్తారు. ఒకే తీగ శబ్దం రెండింటికీ కొంచెం తేడా కాలంలో చేరుతుంది. ఆ రెంటినీ కలిపితే కొన్ని స్థాయులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంట్లో నిండుగా ఉన్న పియానో వేదిక మీద డబ్బాలోంచి వచ్చినట్టు పలచబడేది అందుకే. విశాలమైన కోరస్ వేసిన ప్యాడ్‌లదీ ఇదే గతి.

'లెఫ్ట్/మోనో' అని రాసి ఉన్న జాక్‌కు మాత్రమే కేబుల్ పెట్టండి. రెండోది ఖాళీగా ఉంటే చాలా కీబోర్డులు లోపలే కలిపి ఇస్తాయి. పియానోకు 'మోనో' అని రాసి ఉన్న టోన్ దొరికితే అది ఇంకా మేలు. ఇంట్లో సాధనా ఒకే స్పీకర్ మీద చేయండి. మిక్సర్ దూరంగా ఉంటే డీఐ బాక్స్ అడగండి, పొడుగు కేబుల్లో చేరే హమ్ తగ్గుతుంది. ఒక్క స్పీకర్‌లో అందంగా ఉన్న టోన్ ఎక్కడైనా అందంగానే ఉంటుంది.

10. సీక్వెన్సర్‌తో పాట చేయకండి, ముందు టోన్ చేయండి

సీక్వెన్సర్ అనగానే ట్రాకులు పేర్చి పాట కట్టడం గుర్తొస్తుంది. దాని అసలైన ఉపకారం ఇంకొకటుంది. మీరు వాయించిన ఎనిమిది బార్లను రికార్డు చేసి లూప్‌లో పెట్టండి. ఇప్పుడు మెట్లు వాటంతటవే పలుకుతుంటాయి, మీ రెండు చేతులూ ఖాళీ. అటాక్ తిప్పండి, కటాఫ్ తిప్పండి, పక్క గదిలోకి వెళ్లి వినండి. వాయిస్తున్నప్పుడు మన చెవి సగం వేళ్ల మీదే ఉంటుంది. ఇలా వింటే పూర్తిగా శబ్దం మీదికి వస్తుంది. సీక్వెన్సర్ దాచేది ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న సమాచారమే కనుక టోన్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ వాయించక్కర్లేదు.

క్వాంటైజ్ బటన్ మీద చెయ్యి వేయకండి. డప్పు దరువుల్లో మూడుగా నడిచేవి ఎన్నో ఉన్నాయి. వాటిని 16వ భాగాల గడిలోకి లాగితే నడక విరిగిపోతుంది. తప్పనిసరి అయితే ట్రిప్లెట్ గడి పెట్టి, బలం సగానికి మించకుండా వాడండి. తాళం తప్పితే దిద్దుకోవాల్సింది సాధనతోనే.

11. కొన్న డప్పును వాడకండి

శాంప్లింగ్ (బయటి శబ్దాల నమూనాలు తీసుకునే వీలు) ఉన్న వర్క్‌స్టేషన్ మీ దగ్గరుంటే బయట నుంచి శాంపిల్ ప్యాక్ కొనేముందు మీ ఊరి వాద్యాలు రికార్డు చేయండి. డప్పును ముందు మంట దగ్గర కాచి చర్మం బిగించాలి. చల్లారుతుంటే నాదం దిగుతుంది, కాబట్టి మధ్యలో మళ్లీ కాచడానికి వీలు చూసుకోండి. ఒక చేతిలో సిర్ర, రెండో చేతిలో సిటికెన పుల్ల. రెంటి దెబ్బలూ వేరువేరుగా తీసుకోండి. ఒక్కో దెబ్బను నాలుగు బలాలతో, ఒక్కో బలానికి మూడు నాలుగు సార్లు రికార్డు చేయండి. ఒకే నమూనా పదేపదే మోగితే మిషన్ దెబ్బలా ఉంటుంది. మూడు నాలుగు వంతులవారీగా మోగితే మనిషి చెయ్యిలా ఉంటుంది.

ప్రతిధ్వని లేని చోటు చూడండి. ఖాళీ గదికన్నా ఆరుబయలు మేలు. ప్రతి నమూనా మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించకపోతే ఎంత సరిగ్గా వాయించినా తాళం వెనకబడినట్టే ఉంటుంది. ఒక నమూనాను అసలు శృతినుంచి రెండు మూడు మెట్లకు మించి సాగదీయకండి.

ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవారి జముకు ఇంకా గొప్ప సవాలు. చర్మం నుంచి తీసిన తీగను లాగుతూ మీటుతారు, లాగిన కొద్దీ నాదం ఎక్కుతుంది. దానికి ఒక నమూనా తీసుకుని పిచ్ బెండ్‌తో ఆ లాగుడు పలికించండి.

వాయించిన కళాకారుడికి ముందే విషయం చెప్పి, అనుమతి తీసుకుని, డబ్బు ఇవ్వండి. పాట బయటికి వస్తే పేరు వేయండి. ఆయన దెబ్బ మీ కీబోర్డులో ఏళ్లపాటు పనిచేస్తుంది. అది ఊరికే తీసుకునేది కాదు.

12. చెరిపేయండి

చివరి సలహాకు ధైర్యం కావాలి. ముందు మొత్తం మెమరీని యూఎస్‌బీలోకి, కంప్యూటర్‌లోకి రెండు చోట్ల దాచండి. పాత కీబోర్డు అయితే ఈ పని ఇంకా అవసరం. వాటిలో చాలావాటికి మెమరీని నిలిపేది లోపలున్న చిన్న బ్యాటరీ, అది అయిపోతే మీరు చేసినదంతా పోతుంది. ఫ్లాపీ వాడే మోడల్ అయితే ఫ్లాపీ ఇంకా చదవగలిగే స్థితిలో ఉండగానే కాపీ తీసుకోండి.

తర్వాత యూజర్ బ్యాంక్ ఖాళీ చేసి అందులో పన్నెండు టోన్లే ఉంచండి: పియానో, ఎలక్ట్రిక్ పియానో, ఆర్గన్, స్ట్రింగ్స్, ప్యాడ్, బ్రాస్, బేస్, ఫ్లూటు, సన్నాయి, వీణ తీరు టోన్, నైలాన్ గిటార్, మీ డప్పు. ప్రతిదాన్నీ మీ చేతి బరువుకు తగ్గట్టు వెలాసిటీ సర్ది, ఒకదానికొకటి శబ్దం హెచ్చుతగ్గుల్లేకుండా సమం చేసి, ఎఫెక్టులు తగ్గించి, మోనోలో విని దాచండి. ఫ్యాక్టరీవి ఎప్పుడు కావాలన్నా తిరిగి వస్తాయి. మీరు చేసినవి మీరు దాచుకుంటేనే ఉంటాయి.

పాటకు సరిపడే టోన్ దొరకక వెతుకుతూ వేదిక మీద తల దించుకుని స్క్రీన్ చూసే అవసరం దీంతో తీరిపోతుంది. మీ కళ్లు పాడేవాళ్ల మీద ఉంటాయి. కొత్త టోన్ ఒకటి కావాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి తీసేయండి. ఏది తీయాలో ఆలోచించడంలోనే ఏది ఎందుకు మంచిదో తెలుస్తుంది.

కంపెనీ ఇచ్చిన వేల టోన్లు అదే మోడల్ కొన్న ప్రతివారి దగ్గరా ఉన్నాయి. ఈ పన్నెండు మీ దగ్గరే ఉంటాయి. రికార్డింగుకు ఇంకొకరిని కాకుండా మిమ్మల్నే పిలవడానికి అవే కారణం కావాలి.